ముగ్గురాయి దారిలో మైదుకూరు దాకా

గ్యాసు బావి ఎక్కడ తవ్వినా ముందుగా అందులోకి దిగేది బురద. అది పలచగా ఉంటే పనికిరాదు, బరువుండాలి. మూడు నాలుగు కిలోమీటర్ల లోతున రాళ్ల మధ్య ఒత్తుకుని ఉన్న వాయువు ఒక్కసారిగా పైకి తన్నుకురాకుండా అణచి ఉంచేది ఆ బరువే. దానికోసం బురదలో ముగ్గురాయి పొడి కలుపుతారు. చమురు కంపెనీల కాగితాల్లో దాని పేరు బెరైటీస్. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. ప్రపంచంలో తవ్వే ముగ్గురాయిలో ఎక్కువ భాగం ఇలా బావుల పాలే. దాని అతిపెద్ద నిల్వల్లో ఒకటి రైల్వేకోడూరు పక్కన, ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉంది. ఒక్కచోటే ఏడు కోట్ల టన్నులకు పైబడిన రాశి.

మైదుకూరు ప్రయాణం మంగంపేట నుంచే మొదలుపెట్టాలని మిత్రుడు పట్టుబట్టింది అందుకే. గోదావరి జిల్లాల్లో గ్యాసు బావుల మీద ఉద్యోగమంతా గడిపి రిటైరైన భూగర్భ శాస్త్రవేత్త అతను. "ఎన్ని వేల బస్తాలు బావుల్లోకి కుమ్మరించానో లెక్కలేదు. ఆ బస్తా పుట్టిన ఊరు మాత్రం ఎన్నడూ చూడలేదు" అన్నాడు. మాఘమాసం ఎండ ఇంకా కరవడం మొదలుపెట్టలేదు. రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ (ఏపీఎండీసీ) గని మెట్లు మెట్లుగా కిందికి దిగిపోతోంది. చుట్టుపక్కల పొడిమిల్లుల పుణ్యమా అని వేపచెట్లు, ఇంటి కప్పులు, ఆగి ఉన్న లారీల అద్దాలు అన్నీ ఒకే బూడిదరంగు. మిత్రుడి చూపు మాత్రం ముగ్గురాయి మీద లేదు. దాన్ని ఆనుకుని ఉన్న నల్లటి రాతిపొర మీద ఉంది.

"రాయికి నలుపు ఊరికే రాదు. ఒకప్పటి సముద్రం అడుగున గాలి ఆడని బురదలో చచ్చిన జీవపదార్థం మిగిలిపోతే వచ్చే నలుపు అది. గ్యాసుకు తల్లిసరుకు అదే."

గ్యాసు బావులకు బరువు పంపే సీమలో అసలు గ్యాసు కోసం ఎవరైనా వెతికారా అన్నదే మా ప్రయాణానికి కారణం. కోనసీమకు, దివిసీమకు ఉన్న గ్యాసు ఖ్యాతి (గ్యాసు భయం కూడా) కడపకు ఎందుకు లేదు? లేదని ఎవరు తేల్చారు?

రాజంపేట మీదుగా కడప, అక్కడి నుంచి చెన్నూరు దగ్గర పెన్న దాటి, ఖాజీపేట మీదుగా మైదుకూరు. చెన్నూరు వంతెన కింద పెన్న ఇసుకే తప్ప నీటిచార కనబడలేదు. బస్సులో మిత్రుడు పాఠం మొదలుపెట్టాడు. పక్క సీటు ఆయన కూడా చెవి ఇటే వేశాడు.

మామూలు గ్యాసు కథ చిన్నది. నల్లటి షేల్ పొరలో, అంటే పొరలు పొరలుగా ఊడివచ్చే మెత్తని పలకరాయిలో, వాయువు పుడుతుంది. అక్కడి నుంచి జారుకుని పైనున్న ఇసుకరాయిలోకి చేరుతుంది. ఆ పైన గట్టి మూత ఉంటే అక్కడే ఆగిపోతుంది. బావి వేసినవాడు ఆ ఇసుకరాయికి రంధ్రం పెడతాడు, వాయువు దానంతటదే వస్తుంది. షేల్ గ్యాసు అలా కాదు. పుట్టినచోటు వదలకుండా అక్కడే ఉండిపోయినది. రాయిలోని అతి సూక్ష్మమైన రంధ్రాల్లో కొంత, పగుళ్లలో కొంత, కర్బనానికి అంటుకుని కొంత. మంచి ఇసుకరాయిలో వాయువు కదిలే తేలికతో పోలిస్తే షేల్‌లో లక్షల రెట్లు కష్టం. కాబట్టి నిలువుగా రెండు మూడు కిలోమీటర్లు దిగాక బావిని పక్కకు తిప్పి, ఆ పొర వెంబడే అడ్డంగా కిలోమీటరో రెండో తొలుచుకుంటూ పోవాలి. తర్వాత నీళ్లు, ఇసుక, కొద్దిపాటి రసాయనాలు విపరీతమైన ఒత్తిడితో పంపి రాయిని చిట్లగొట్టాలి. ఆ చిట్లిన నెరియలు మళ్లీ మూసుకోకుండా ఇసుక రేణువులు అడ్డుపడతాయి. ఫ్రాకింగ్ అంటే ఇంతే. టెక్సాస్‌లో జార్జ్ మిచెల్ కంపెనీ 1981లో బార్నెట్ షేల్‌లో మొదటి బావి వేసి, లాభసాటి పద్ధతి పట్టుకునేసరికి 1990లు చివరికొచ్చాయి.

పుట్టినచోటే చిక్కుకున్న గ్యాసులో షేల్ ఒక్కటే కాదు. బొగ్గుపొరల్లో ఉండే మీథేన్ ఒకటి. బిగుసుకుపోయిన ఇసుకరాళ్లలో ఉండేది ఇంకొకటి. మా మిత్రుడు మండపేట బావుల్లో కుస్తీ పట్టింది దానితోనే. సముద్రం అడుగున మంచులో బంధించి ఉన్న హైడ్రేట్లు మరొకటి. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ కృష్ణా-గోదావరి సముద్రంలో వంద మీటర్లకు మించిన మందాన హైడ్రేటు పొరను చూసింది. దాన్ని ఖర్చుకు గిట్టుబాటయ్యేలా పైకి తీసే విద్య మాత్రం ఇంకా ఎవరికీ పట్టుబడలేదు. చెప్పొచ్చేదేమంటే, ఈ రకాలన్నింటికీ కోస్తాలో, గోదావరి లోయలో పేర్లున్నాయి. కడప పేరు ఎక్కడా వినబడదు.

మైదుకూరు నాలుగు రోడ్ల ఊరు. కర్నూలు–చిత్తూరు రోడ్డూ, బళ్లారి నుంచి ప్రొద్దుటూరు మీదుగా నెల్లూరు పోయే రోడ్డూ ఇక్కడ కలుసుకుంటాయి. పసుపు రకాల్లో దుగ్గిరాల, ఆర్మూరు, టేకూరుపేటలతో పాటు మైదుకూరు పేరుతోనే ఒక రకం ఉంది. మేం వెళ్లేసరికి తవ్వకం కాలం. కళ్లాల్లో ఉడికిన కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. కర్నూలు–కడప కాల్వ కింద వరి, పసుపు, ఉల్లి. కాల్వకు పైన మాత్రం బోరు పెట్టుకున్న భాగ్యవంతుడిదే పంట. ఊరికి పడమరగా కుందూ లోయ నల్లరేగడి, తూర్పున గోడ కట్టినట్టు నల్లమల కొండలు.

కాల్వగట్టు కోసుకుపోయినచోట మిత్రుడు వంగి ఒక పెళ్ల ఊడదీశాడు. ఊదారంగు పలకలు, వేళ్ల మధ్యే పొడైపోయాయి. దీని పేరు నంద్యాల షేల్. పేరులో షేల్ ఉందని నేను సంబరపడబోయాను. "రంగు చూడు" అన్నాడు. ఊదారంగు అంటే ఆ బురద పేరుకునేటప్పుడు ఆక్సిజన్ పుష్కలంగా ఉందని, జీవపదార్థం అప్పుడే కాలి కుళ్లి పోయిందని అర్థం. మైదుకూరు కాళ్ల కింద ఉన్న షేల్ గ్యాసుకు పనికొచ్చే రకం కాదు. పనికొస్తే గిస్తే దానికి కింద ఉన్నవో, పక్కనున్నవో పనికిరావాలి.

ఆ కిందవాటి పేర్లు కడప, కర్నూలు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆర్టీసీ బస్సు బోర్డు మీద రోజూ చదువుతుంటారు. విలియం కింగ్ అనే సర్వే అధికారి ఈ రాళ్లన్నీ తిరిగి 1872లో పెద్ద గ్రంథం వేశాడు. ఆయన పెట్టినవీ, తర్వాతివాళ్లు చేర్చినవీ కలిపి పొరలన్నిటికీ మన ఊళ్ల పేర్లే. అన్నిటికన్నా అడుగున గువ్వలచెరువు, ఆ పైన వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట. తూర్పున బైరేనికొండ, కంభం. వీటన్నిటికంటే చిన్నవి బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. నార్జి పొర మన ఇళ్లలో నాపరాళ్లుగా పరుచుకుని ఉంది, బెలుం గుహలు దాని కడుపులోవే. నెలవంక ఆకారంలో నలభై వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఈ పళ్లెంలో (దీన్నే కడప బేసిన్ అంటారు) రాళ్ల మందం కొన్నిచోట్ల పన్నెండు కిలోమీటర్ల దాకా ఉంటుందని అంచనా. మందానికి కొదవ లేదు. వయసుతోనే చిక్కు.

ఆ చిక్కు చూడటానికి పడమర దారి పట్టాం. ప్రొద్దుటూరులో ఉగ్గాని, బజ్జీ తిని (ఒక్క బజ్జీకే కళ్లు చెమర్చిన గోదావరి మనిషిని చూసి హోటలాయన మజ్జిగ ఊరికే ఇచ్చాడు) జమ్మలమడుగు దాటాం. గండికోట దగ్గర పెన్న కోసిన లోయ గురించి అందరూ రాశారు, నేను రాయను. దాన్ని దాటి తాడిపత్రి వైపు పోతుంటే రోడ్డు కోతల్లో షేల్ పొరల మధ్య నల్లగా, గట్టిగా, అడ్డంగా పరుచుకున్న రాళ్లు కనబడతాయి. ఒకప్పుడు భూగర్భం నుంచి కరిగి పైకొచ్చిన లావా షేల్ పొరల మధ్యకు చొరబడి గడ్డకట్టిన పొరలవి. వాటిని సిల్ అంటారు. పులివెందుల దగ్గరి ఒక సిల్ వయసును 188 కోట్ల ఏళ్లని లెక్కకట్టారు. అది చొచ్చుకొచ్చిన షేల్ అంతకంటే పాతదే కదా.

గ్యాసు పుట్టాలంటే జీవపదార్థం ఉడకాలి. ఎంత ఉడికిందన్నదే మొత్తం వ్యవహారం. నిన్న కళ్లంలో చూసిన పసుపే దీనికి సరైన పోలిక. తక్కువ ఉడికితే కొమ్ము పెళుసుబారుతుంది, ఎక్కువైతే రంగు చెడుతుంది. కాగు దగ్గర కూర్చున్న మనిషికి ఆ మధ్యనున్న గడియ తెలియాలి. రాయికీ అంతే. తక్కువ వేడికి ఏమీ పుట్టదు, కొంచెం పెరిగితే చమురు, ఇంకా పెరిగితే గ్యాసు, మరీ మితిమీరితే ఆ గ్యాసూ పోయి గ్రాఫైటు లాంటి కర్బనం మిగులుతుంది. తాడిపత్రి షేల్ లావా పక్కన కూర్చుంది. ఆ సిల్‌కు ఆనుకున్నంత మేర ఎలాగూ మాడిపోయి ఉంటుంది. దూరంగా ఉన్న భాగం ఎంత ఉడికిందన్నది బయటి నుంచి చెప్పే విషయం కాదు.

దాన్ని కొలవడానికి ప్రపంచమంతా వాడే కొలత ఒకటుంది: రాయిలో చిక్కిన చెక్కముక్కల మెరుపు. చెట్టు అవశేషం ఎంత ఉడికితే అంత మెరుస్తుంది. "ఆ కొలత ఇక్కడ చెల్లదు. ఈ రాళ్లు పుట్టినప్పుడు భూమ్మీద చెట్టే లేదుగా!" అని నవ్వాడు మిత్రుడు. నిజమే, అప్పటి ప్రాణమంతా నీటిలోని నాచుజాతి సూక్ష్మజీవులే. వేంపల్లె సున్నపురాళ్లలో ఉల్లిపాయ పొరల్లా కనబడే గుండ్రటి గుర్తులు ఆ జీవుల గుంపులు కట్టినవే. చెట్టు లేదు కాబట్టి ఇక్కడ ఉడుకును వేరే దారుల్లో పట్టుకోవాలి. గట్టిపడిన తారు మెరుపు, మట్టి ఖనిజాలు మారిన తీరు, ప్రయోగశాలలో రాతిపొడిని మళ్లీ వేడిచేస్తే ఏ ఉష్ణోగ్రతకు వాయువు వదులుతుందన్న పరీక్ష. ఏ ఒక్కటీ సొంతంగా నిలబడదు, మూడూ ఒకే మాట చెప్పాలి.

అసలు ఇంత ముసలి రాళ్లలో గ్యాసుంటుందా అని అడిగాను. ఉన్న చోట్లున్నాయి. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో బీటలూ అనే బేసిన్ ఉంది. అక్కడి వెల్కెరి షేల్ వయసు 140 కోట్ల ఏళ్లు. 2016లో అముంగీ అనే బావిలో దాన్ని అడ్డంగా తొలిచి చిట్లగొడితే గ్యాసు వచ్చింది. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం ఫ్రాకింగ్ ఆపేసి విచారణ సంఘం వేసింది, 2018లో షరతులతో మళ్లీ తెరిచింది. మన దేశంలోనే మధ్యప్రదేశ్ దమోహ్ ప్రాంతంలో, కడప లాగే పాత వింధ్య రాళ్లలో, ఓఎన్‌జీసీ హత్తా బావి నుంచి గ్యాసు రప్పించింది. కాబట్టి వయసు ఒక్కటే చూపించి కడపను కొట్టిపారేయలేం. మన కంభం షేల్‌ను చీల్చుకుని పైకొచ్చిన చెలిమ దగ్గరి లాంప్రోయిట్ రాళ్ల వయసు కూడా దాదాపు 140 కోట్ల ఏళ్లే. అంటే కంభం షేల్ ఆ వెల్కెరికి అన్న అవుతుంది.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లు కడప బేసిన్‌లో నేలమట్టి నమూనాలు తీసి, రేణువులకు అంటుకున్న మీథేన్, ఈథేన్, ప్రొపేన్‌లను కొలిచారు. ఆ పత్రం 2010లో వచ్చింది. అందులోని కర్బనం తీరు చూస్తే అది చిత్తడిలో సూక్ష్మజీవులు పుట్టించినది కాదని, లోతున వేడికి పుట్టి పైకి కారినదని సూచన. 2016 అక్టోబరులో కేంద్రం నేషనల్ సైస్మిక్ ప్రోగ్రాం మొదలుపెట్టి, దేశంలో అంతవరకు సరిగా చూడని బేసిన్లలో 48 వేల లైన్ కిలోమీటర్లు ధ్వనితరంగాలతో కొలవాలనుకుంది. కడప బేసిన్ ఆ జాబితాలో ఉంది. అయినా డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ హైడ్రోకార్బన్స్ లెక్కల్లో కడపది మూడో కేటగిరీ. మొదటిది గ్యాసు తీస్తున్నవి, రెండోది దొరికినా తీయనివి, మూడోది ఉండవచ్చని ఊహించినవి.

ఊహల సంగతికొస్తే నాకు కొంచెం మంట ఉంది. 2011లో అమెరికా ఇంధన సమాచార సంస్థ భారతదేశంలో తీయదగిన షేల్ గ్యాసు 63 టీసీఎఫ్ అంది. టీసీఎఫ్ అంటే లక్ష కోట్ల ఘనపుటడుగులు. 2013లో అదే సంస్థ 96 అంది. ఖంభాత్, కృష్ణా-గోదావరి, కావేరి, దామోదర్ అనే నాలుగు బేసిన్లకే ఆ లెక్క. ఆ మధ్యలోనే అమెరికా భూగర్భ సర్వే వాళ్లు మూడు బేసిన్లు చూసి 6.1 అన్నారు. ఒకే దేశం, ఇంచుమించు అవే రాళ్లు, పదిహేను రెట్ల తేడా! మన పత్రికలు పెద్ద అంకెనే అచ్చేశాయి. 2013 అక్టోబరులో షేల్ విధానం వచ్చింది. ఓఎన్‌జీసీకి 50 బ్లాకులు, ఆయిల్ ఇండియాకు 6. ఓఎన్‌జీసీ ఇరవైకి పైగా బావులు వేసింది, వ్యాపారానికి నిలబడేంత గ్యాసు ఎక్కడా రాలేదు. పోలెండ్‌ది ఇంకా పెద్ద కథ. 2011లో 187 టీసీఎఫ్ అన్న అంకెకు ఆ దేశం ఊగిపోయింది. మరుసటి ఏడాదే వాళ్ల సొంత భూగర్భ సంస్థ పాత బావుల కాగితాలు తిరగేసి అందులో సుమారు ఏడో వంతుకు మించి ఉండకపోవచ్చంది. ఎక్సాన్‌మొబిల్ 2012లోనే సర్దుకుంది, మిగతా పెద్దవాళ్లు ఆ తర్వాత మూడు నాలుగేళ్లలో వెళ్లిపోయారు.

ఈ అంకెల్లో అబద్ధం లేదు, తొందర ఉంది. ఊళ్లో ఇంత రాయి, అందులో ఇంత శాతం కర్బనం, అందులోంచి ఇంత గ్యాసు, అందులో నాలుగో వంతు తీయగలం అని గుణించుకుంటూ పోతే ఎంత అంకె కావాలన్నా వస్తుంది. గుణకారంలో ఒక్క అంశం తప్పినా మొత్తం కూలుతుంది. తేల్చే దారి బావి వేసి కోర్ తీయడమే. స్తంభంలా కోసిన రాతిముక్క పైకొచ్చిన నిమిషాల్లోనే గాలి చొరబడని డబ్బాలో పెట్టి, పొర లోతున ఉన్నంత వేడిలో ఉంచి, రోజుల తరబడి అది వదిలే వాయువును కొలవాలి. కర్బనం రెండు శాతం దాటిందా, రాయి చిట్లే రకమా లేక జిగటమట్టి పాలెక్కువై వంగిపోయే రకమా, పొర మందం ఎంత, లోతు కిలోమీటరుకు తక్కువా, ఐదు కిలోమీటర్లకు ఎక్కువా. ఇవన్నీ కుదిరాకే చిట్లగొట్టే ప్రయోగం. అక్కడా గ్యాసు వచ్చిందన్నది సగం వార్తే. షేల్ బావి మొదటి ఏడాదిలోనే సగానికి మించి డీలాపడుతుంది. ఒక బావి చాలదు, ఏటా కొత్తవి వేస్తూనే ఉండాలి.

మర్నాడు పొద్దున బద్వేలు రోడ్డు మీద నల్లమల అంచుకు వెళ్లాం. భూగర్భ శాస్త్రంలో మైదుకూరు పేరు నిలబెట్టింది ఈ అంచే. మైదుకూరు థ్రస్టు అంటారు. తూర్పు నుంచి వచ్చిన పెద్ద తోపుకు నల్లమల రాళ్లు మడతలు పడి, విరిగి, జారి, పడమరనున్న, తమకంటే చిన్న వయసు రాళ్ల మీదికి ఎక్కేశాయి. రోడ్డు పక్క గుట్టలో పొరలు నిట్టనిలువుగా లేచి, కొన్నిచోట్ల తలకిందులై ఉన్నాయి. పడమరన మైదానంలో ఊదారంగు షేల్ ప్రశాంతంగా పడుకుని ఉంది. ఇక్కడ నల్లని, వెండిమెరుపు పలకలు నలిగి ఉన్నాయి. పాతది పైన, కొత్తది కింద.

మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రెండు మాటలన్నాడు. ఇలాంటి తోపుల కింద గ్యాసు చిక్కుకోవడం లోకంలో చాలాచోట్ల ఉంది, కాబట్టి చూడదగిన చోటే. కానీ ఇంత నలిగిన రాయిలో అడ్డంగా కిలోమీటరు దూరం ఒకే పొరలో బావి నడపడం నరకం. పొర ఎక్కడ విరిగిందో, ఎక్కడ మడతపడిందో ముందుగా తెలియదు. చిట్లగొట్టిన ఒత్తిడి కొత్త నెరియలు చేయకుండా పాత పగుళ్ల వెంట పారిపోవచ్చు. "ఉండొచ్చు, తీయలేకపోవచ్చు. ఈ రెండు వాక్యాలూ ఒకే రిపోర్టులో రాయాల్సివస్తుంది" అన్నాడు.

నీళ్ల గురించి మాట్లాడకుండా కడప జిల్లాలో ఏ మాటా పూర్తికాదు. ఒక అడ్డబావిని చిట్లగొట్టడానికి అమెరికాలో కోటిన్నర, రెండు కోట్ల లీటర్లు వాడతారు. వినగానే గుండె ఆగుతుంది. లెక్కవేస్తే అది మూడు నాలుగెకరాల వరికి ఒక కారుకు పట్టే నీరు. ఒక టీఎంసీతో పద్నాలుగు వందల బావులు చిట్లగొట్టవచ్చు, పక్కనున్న బ్రహ్మంసాగర్ నిండితే సుమారు 17 టీఎంసీలు. ఫ్రాకింగ్ సీమ నీళ్లన్నీ తాగేస్తుందన్న భయం నాకు అంత లేదు. నా భయం వేరు. ఆ నీరు ఏ నెలలో, ఏ బోరు నుంచి తీస్తారు? చిట్లగొట్టాక అందులో కొంత వెనక్కి వస్తుంది. వచ్చేటప్పుడు లోతునున్న ఉప్పు, బేరియం, ఒక్కోచోట రేడియం కూడా వెంట తెస్తుంది. నల్ల షేల్‌లో యురేనియం పాలు ఎక్కువ. ఆ నీటిని ఎక్కడ నిలవ చేస్తారు? నిలవ గుంట పొర చిరిగితే ఎవరికి ముందు తెలుస్తుంది?

ఈ ప్రశ్నలకు దూరం పోనక్కర్లేదు, ఇదే బేసిన్ పడమటి కొసన తుమ్మలపల్లె ఉంది. వేంపల్లె పొరలోని యురేనియం కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ అక్కడ గని, మిల్లు నడుపుతోంది. వ్యర్థాల చెరువు వచ్చాక బోరునీళ్లు చెడిపోయాయని, తోటలు దెబ్బతిన్నాయని కనంపల్లె చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా చెబుతున్నారు. సంస్థ తమవల్ల కాదంటోంది. ఎవరి మాట నిజమో తేల్చాలంటే గని రాకముందు ప్రతి బోరు నీళ్లెలా ఉండేవో రైతు చేతిలో కాగితం ఉండాలి. ఇప్పుడు తీసే నమూనా ఇవాళ్టి నీళ్ల సంగతి చెబుతుంది, నిన్నటి సంగతి చెప్పదు.

నా అభిప్రాయం ఇదీ. కడప బేసిన్‌లో రెండు మూడు పరీక్ష బావులు వేసి, పూర్తి కోర్ తీసి, ఫలితం అచ్చేయాలి. ఉంటే ఉందని, లేకపోతే లేదని తెలియడం జిల్లాకు మంచిదే. కానీ దానికి ఒక ఏడాది ముందు, చుట్టూ పదిహేను కిలోమీటర్లలో బోరునీళ్లు వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి పరీక్షించి, కాగితం రైతుకివ్వాలి. ఇది దయాదాక్షిణ్యంగా కాదు, అనుమతికి షరతుగా ఉండాలి. ఎందుకంటే 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అన్వేషణ బావులను బి2 తరగతిలోకి మార్చింది. అంటే వాటికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఊరికి సంగతి తెలిసేసరికి రిగ్గు దిగి ఉంటుంది.

సాయంత్రం తిరిగొస్తుంటే కొండకింద పల్లెలో ఒక రైతు మమ్మల్ని ఆపాడు. పొద్దున నుంచి రాళ్లేరుకుంటున్న ఇద్దరు ముసలివాళ్లను ఊరంతా గమనించినట్టుంది.

"ఏం సార్, బంగారమేమన్నా ఉండాదా మా కొండలో?"

గ్యాసు సంగతి చెప్పాం. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. నులకమంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చి, అసలు ప్రశ్న అడిగాడు. "మా చేన్లో పడితే మాకేమొస్తాది?"

మిత్రుడు దాపరికం లేకుండా చెప్పాడు. పైనేల వాడుకున్నందుకు పరిహారం. అడుగునున్నది ప్రభుత్వానిది. 1948 నాటి ఆయిల్‌ఫీల్డ్స్ చట్టం ఉంది, 2025లో దాన్ని సవరించి షేల్ గ్యాసు, హైడ్రేట్లు, బొగ్గుపొర మీథేన్ అన్నీ అందులో చేర్చారు. బావి దగ్గరి ధర మీద పదో వంతు రాయల్టీ రాష్ట్ర ఖజానాకు పోతుంది.

"మావోడు అమెరికాలో ఉండాడు సార్, డల్లాస్ కాడ, ఇర్వింగు. ఆడ ఇంటికింద గ్యాసుంటే ఇంటోనికే డబ్బులిస్తారంట గదా?"

అతను చెప్పింది చాలామటుకు నిజమే. అమెరికాలో భూమి కింది ఖనిజం భూమి యజమానిది కావచ్చు. కానీ చాలాచోట్ల ఇల్లు అమ్మేవాడు ఆ హక్కు తన దగ్గరే పెట్టుకుని పైభాగం మాత్రం అమ్ముతాడు. మన తెలుగువాళ్లు కొన్న కొత్త కాలనీల ఇళ్లలో ఎన్నిటికి ఆ హక్కు వచ్చిందో కాగితాలు చూస్తేగానీ తెలియదు. అక్కడికి దగ్గర్లోనే డెంటన్ అనే ఊరుంది, బార్నెట్ షేల్ మీదే. 2014 నవంబరులో ఊరి జనం ఓటేసి ఫ్రాకింగ్ వద్దన్నారు. ఆరు నెలలకల్లా టెక్సాస్ రాష్ట్రం ఊళ్లకు ఆ అధికారం లేదని చట్టం చేసింది.

"అయితే ఆడా ఇంతేనన్నమాట" అన్నాడాయన. పెళ్లాం వైపు తిరిగి పసుపు కాగు కింద మంట తగ్గించమన్నాడు. కాసేపు ఏదో ఆలోచించి, "మా బోరు నీళ్లు ఇప్పుడే పరీక్ష చేయించి పెట్టుకుంటే ఏమేమి చూడమని అడగాల సార్?" అన్నాడు.

మిత్రుడు జేబులోంచి నోటుపుస్తకం తీసి ఒక కాగితం చించాడు. ఉప్పు మోతాదు, క్లోరైడు, బేరియం, యురేనియం, కరిగిన మీథేన్ అని వరసగా రాశాడు. చివరిది మామూలు ల్యాబుల్లో చేయరని, దానికి నీళ్లు పట్టే తీరే వేరని చెప్పాడు. మూతి సన్నని గాజుసీసా ఒకటి అడిగి తెప్పించాడు. మోటారు వేయించి, పాత నీళ్లు పోయేదాకా పది నిమిషాలు వదిలేసి, పైపు కొస సీసా అడుగుకంటా దించి, లోపల ఒక్క గాలిబుడగ మిగలకుండా నింపి మూత బిగించడం ఎలాగో బోరు దగ్గరే చేసి చూపించాడు. రెండోసారి రైతు చేశాడు. మూత కింద చిన్న బుడగ మిగిలింది. మళ్లీ వంచి పోశాడు.